పాన్‌కేక్ గంట మోగే మంగళవారం

17వ శతాబ్దం మొదట్లో లండన్‌లో జాన్ టేలర్ అనే కవి ఉండేవాడు. థేమ్స్ నదిలో పడవ నడిపి పొట్టపోసుకునేవాడు కాబట్టి ఆయనకు నీళ్ల కవి అన్న పేరొచ్చింది. ష్రోవ్ ట్యూజ్‌డే నాడు ఊరు ఎలా ఉండేదో ఆయన రాసిపెట్టాడు. తెల్లారేసరికి దేశమంతా ప్రశాంతంగా ఉంటుంది. పదకొండు కొట్టే వేళకు చర్చిలో పాన్‌కేక్ గంట మోగుతుంది. గంట కొట్టేవాడు కొంటెవాడైతే ఆ పదకొండు తొమ్మిదికి ముందే అయిపోతుంది. ఆ చప్పుడు చెవిన పడగానే వేలమంది ఒళ్లు మరిచిపోతారు. వంటవాళ్లు గోధుమపిండిలో నీళ్లు, గుడ్లు, మసాలా దినుసులు కలిపి, కాగుతున్న కొవ్వులో కొద్దికొద్దిగా పోస్తారు.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు అందరూ పాన్‌కేక్ డే అని పిలుచుకునే పండగ ఇదే. దీని గురించి రాసేవాళ్లు చాలామంది పెనం దగ్గర మొదలుపెట్టి పెనం దగ్గరే ఆగిపోతారు. అసలు మొదలుపెట్టాల్సింది గంట దగ్గర. ఎందుకంటే ఆ గంట మొదట మోగింది తినడానికి కాదు, చర్చికొచ్చి పాపాలు ఒప్పుకోమని.

'ష్రైవ్' అనేది పాత ఇంగ్లీషు మాట. పాపసంకీర్తనం విని, తగిన ప్రాయశ్చిత్తం విధించి, క్షమాపణ పలకడం దాని అర్థం. రాయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. చర్చి గురువు విధించే ప్రాయశ్చిత్తం రాసిచ్చిన ఆజ్ఞ లాంటిదన్నమాట. ఆ క్రియ భూతకాల రూపమే 'ష్రోవ్'. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు పాటించే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు వారంలో ప్రతి ఒక్కరూ గురువు దగ్గరికెళ్లి తాము చేసింది చెప్పుకోవాలని సుమారు 1000 నాటి ఇంగ్లీషు చర్చి నియమాల్లోనే ఉంది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి తీరాలని 1215లో చర్చి పెద్దల లాటెరన్ మహాసభ పశ్చిమ క్రైస్తవ లోకమంతటికీ కట్టడి చేసింది. ఆదివారం, సోమవారం, మంగళవారం కలిపి ష్రోవ్‌టైడ్. మంగళవారం ఆఖరి అవకాశం. మర్నాడు భస్మ బుధవారం, లెంట్ మొదలు.

ఆ లెంట్ ఎంత కఠినంగా ఉండేదో తెలియకపోతే పాన్‌కేక్ ఎందుకో అర్థం కాదు. ఈనాడు లెంట్ అంటే చాక్లెట్ మానేయడమో, కాఫీ మానేయడమో. మధ్యయుగాల్లో మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న, జున్ను, జంతువుల కొవ్వు అన్నీ నిషేధమే. చేపలు, బఠాణీలు, రొట్టెతో నలభై రోజులు గడపాలి. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు కాబట్టి నలభై. ఫ్రిజ్‌లు లేని కాలం కదా, వంటింట్లో ఉన్న పాలు, వెన్న అన్ని రోజులు ఆగవు. పారేయడానికి చేతులు రావు. అందుకని ముందురోజే తినేయాలి.

గుడ్ల సంగతి ఇంకాస్త చెప్పాలి. కోడిపెట్టలు పగటి పొడవును బట్టి గుడ్లు పెడతాయి. ఇంగ్లండ్ చలికాలంలో పగలు బాగా కురచగా ఉంటుంది, పెట్టలు దాదాపు మానేస్తాయి. ఫిబ్రవరిలో వెలుతురు పెరిగేకొద్దీ మళ్లీ మొదలుపెడతాయి. అంటే నెలల తరబడి గుడ్డు మొహం చూడని ఇంట్లో గంప నిండడం మొదలయ్యే వేళకు సరిగ్గా గుడ్డు మీద నిషేధం వచ్చి పడుతుందన్నమాట. పెట్టలకు లెంట్ తెలియదు కాబట్టి ఆ నలభై రోజులూ పెడుతూనే ఉంటాయి. ఈస్టర్‌కి గుడ్లకు రంగులేసి పంచుకునే ఆచారం బలపడడానికి ఆ పేరుకుపోయిన గుడ్లూ ఒక కారణం. ఈ రెండు పండగలూ ఒకే గుడ్ల గంపకు రెండు వైపులా ఉన్నాయనుకుంటే సరిపోతుంది.

మాంసం వంతు అంతకు ముందురోజు, సోమవారం. ఉత్తర ఇంగ్లండ్‌లో దాన్ని కాలప్ మండే అనేవారు. కాలప్ అంటే ఉప్పేసి నిలవబెట్టిన పంది మాంసంలో కోసిన పల్చటి ముక్క. ఆ ముక్కలు వేయించుకుని గుడ్లతో తినేవారు. పెనంలో కరిగి దిగిన కొవ్వును పారబోయకుండా గిన్నెలోకి వంచి ఉంచేవారు. మంగళవారం పాన్‌కేక్ వేగింది అందులోనే. ఈ గిన్నెడు కొవ్వు సంగతి చాలా వివరణల్లో కనిపించదు. నాకైతే పండగ మొత్తం అందులోనే ఉందనిపిస్తుంది.

తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. ఆ పౌర్ణమి కూడా చర్చి పట్టికల లెక్క ప్రకారం వచ్చేదే. ఈస్టర్ నుంచి 47 రోజులు వెనక్కి లెక్కపెడితే ష్రోవ్ ట్యూజ్‌డే. 2025లో మార్చి 4న వచ్చింది. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5, కాబట్టి ఫిబ్రవరి 17. 2027లో ఫిబ్రవరి 9. ఎంత తొందరగా వచ్చినా ఫిబ్రవరి 3 కంటే ముందు రాదు, ఎంత ఆలస్యమైనా మార్చి 9 దాటదు. లెక్కలో ఎక్కువమంది తడబడేది 46 దగ్గర: అది భస్మ బుధవారానికి, మంగళవారానికి ఇంకొకటి కలపాలి.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్ చర్చి రోమ్ నుంచి విడిపోయింది. గురువు చెవిలో పాపాలు చెప్పి తీరాలన్న కట్టడి పోయింది. కాలక్రమంలో లెంట్ పట్టింపులూ సడలాయి. గంట మాత్రం మోగుతూనే ఉంది. జనం దానికి కొత్త అర్థం చెప్పుకున్నారు: పని ఆపండి, పెనం పెట్టండి. పనివాళ్లకూ, వృత్తి నేర్చుకునే కుర్రాళ్లకూ ఆ మధ్యాహ్నం సెలవు. షేక్‌స్పియర్ నాటకం 'ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్'లో విదూషకుడు ఒకదానికొకటి సరిగ్గా అతికే జంటలను వరసపెట్టి చెబుతూ, ష్రోవ్ ట్యూజ్‌డేకి పాన్‌కేక్ లాగా అంటాడు. చూసేవాళ్లకు వివరణ అక్కర్లేనంతగా ఆ జంట అప్పటికే కుదిరిపోయింది.

ఆ సగంరోజు సెలవు ఎప్పుడూ అందంగా గడవలేదు. లండన్‌లో వృత్తి నేర్చుకునే కుర్రాళ్లు గుంపులు కట్టి వేశ్యావాటికల మీదా నాటకశాలల మీదా పడేవారు. 1617 ష్రోవ్ ట్యూజ్‌డే నాడు డ్రూరీ లేన్‌లో కొత్తగా తెరిచిన కాక్‌పిట్ నాటకశాలను ధ్వంసం చేశారు. పల్లెల్లో ఇంకా దారుణమైన ఆట ఉండేది. కోడిపుంజును మేకుకు కట్టేసి, దూరం నుంచి బరువైన కర్రలు విసిరి చంపడం. కర్ర తగిలి కూల్చినవాడిదే పుంజు. 18వ శతాబ్దంలో దీని మీద నిరసన పెరిగి, ఊరూరా అధికారులు ఆపించారు. 1751లో చిత్రకారుడు విలియం హోగార్త్ క్రూరత్వం మీద గీసిన బొమ్మల వరసలో మొదటిదాంట్లోనే ఈ ఆట ఉంది. పాత ఆచారమైనంత మాత్రాన పోయినందుకు బాధపడనక్కర్లేదు. ఇది పోవాల్సిందే.

ఇక వంట. ఇంగ్లీషు పాన్‌కేక్ అమెరికావాళ్ల మందపాటి, పొంగిన పాన్‌కేక్ కాదు. బేకింగ్ పౌడర్ ఉండదు, పిండిలో పంచదార ఉండదు. పల్చటి అట్టులా, పెనమంత వెడల్పుగా, అంచుల దగ్గర జాలీ పడి ఉంటుంది. 1615లో గర్వేస్ మార్కమ్ ఇంటి ఇల్లాళ్ల కోసం అచ్చు వేయించిన పుస్తకంలో దీని తయారీ విధానం ఉంది: గుడ్లు, మంచినీళ్లు, లవంగం, జాపత్రి, దాల్చినచెక్క, జాజికాయ, ఉప్పు, మేలైన గోధుమపిండి. పాలో మీగడో పోస్తే పాన్‌కేక్ సాగుతుంది, మొహం మొత్తుతుంది, కరకరలాడదు, పారే నీళ్లే మేలు అని కూడా ఆయన తేల్చిచెప్పాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ మాటలో నిజముంది. పాలతో రంగు బాగా వస్తుంది, రుచి నిండుగా ఉంటుంది, అట్టు మాత్రం మెత్తబడుతుంది. నీళ్లతో అంచులు కరకరలాడతాయి. రెండూ కలపడమే సరైన దారి.

20 సెంటీమీటర్ల పెనం మీద పది, పన్నెండు పాన్‌కేకులకు కొలత: మైదా 120 గ్రాములు, చిటికెడు ఉప్పు, పెద్ద గుడ్లు రెండు, పాలు 210 మిల్లీలీటర్లు, నీళ్లు 90 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 30 గ్రాములు. మైదా మామూలుదే కావాలి. సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అని అమ్మే రకంలో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది. అది వాడితే అట్టు బుడగలెత్తి మందమవుతుంది, ఎగరేస్తే చిరుగుతుంది.

వెడల్పాటి గిన్నెలో మైదా, ఉప్పు జల్లించి మధ్యలో గుంట చేసి గుడ్లు కొట్టాలి. విస్క్‌తో గుంట మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ ఉన్న పిండిని కొద్దికొద్దిగా లోపలికి లాక్కోవాలి. పాలూ నీళ్లూ కలిపిన దాంట్లో మూడో వంతు మాత్రమే పోసి చిక్కటి ముద్దలా ఉండగానే ఉండలు పూర్తిగా పోయేదాకా కలపాలి. ఉండలు కట్టడానికి కారణం ఒక్కటే, మొత్తం ఒకేసారి పోసేయడం. పల్చటి ద్రవంలో ఉండలు విస్క్ కింద నుంచి జారిపోతాయి, చిక్కటి ముద్దలో అయితే నలుగుతాయి. తర్వాత మిగతాది పోసి పల్చన చేస్తే మీగడ చిక్కదనానికి వస్తుంది. అప్పటికీ ఉండలు మిగిలితే వడకట్టేయడమే మంచిది. పగలకొట్టాలని ఇంకా గిలక్కొడితే పిండిలో సాగుడునిచ్చే గ్లూటెన్ ముదిరి అట్టు రబ్బరులా సాగుతుంది.

అరగంట మూతపెట్టి ఉంచాలి. ఆ సమయంలో పిండిరేణువులు ద్రవాన్ని పీల్చుకుంటాయి, గ్లూటెన్ సడలుతుంది, గిలక్కొట్టినప్పుడు చేరిన గాలిబుడగలు పోతాయి. తర్వాత చూస్తే పిండి కాస్త చిక్కబడి ఉంటుంది, ఒకటి రెండు చెంచాల నీళ్లు పోసి సర్దుకోవచ్చు. కరిగిన వెన్న చివర్లో కలపాలి, పొయ్యి మీద పెట్టబోయే ముందు. ముందే కలిపి చల్లని చోట పెడితే వెన్న పైకి తేలి పలుకులు కడుతుంది.

పెనం బాగా వేడెక్కాలి. నీటి చుక్క వేస్తే గుండ్రంగా చేరి గెంతుతూ పరుగెత్తాలి, ఊరికే చుయ్యిమని ఇగిరిపోతే ఇంకా చాల్లేదు. అప్పుడు మంట మధ్యస్థానికి తగ్గించి, కాగితం ముక్క నూనెలో ముంచి పెనమంతా తుడిస్తే చాలు. వెన్ననే పెనం మీద వేసి పోయడం చాలామందికి అలవాటు, కానీ వెన్నలోని పాల పదార్థం ఎక్కువ వేడికి మాడి నల్లచుక్కలు పడతాయి. మనకు వెన్న రుచి కావాలి, అది పిండిలో ఎలాగూ ఉంది. మొదటి పాన్‌కేక్ ఎప్పుడూ పాడవుతుందని ఇంగ్లండ్‌లో అందరూ అనుకుంటారు. పాడవడానికి కారణాలు మామూలువే: పెనం అన్నివైపులా సమంగా వేడెక్కకముందే పోయడం, కొవ్వు ఎక్కువవడం. ఇంకో రెండు నిమిషాలు ఆగి, పెనం తుడిచి మొదలుపెడితే మొదటిదీ బాగానే వస్తుంది.

ఒక్కోదానికి 40 మిల్లీలీటర్లు, అంటే దాదాపు మూడు పెద్ద చెంచాలు. చెంచాచెంచాగా పోస్తే మొదటిది గట్టిపడి రెండోదానితో కలవదు, కాబట్టి చిన్న గరిటెలోకి కొలిచి ఒక్క ఊపున పోయాలి. పోస్తూనే రెండో చేత్తో పెనం ఎత్తి చుట్టూ తిప్పాలి. పైతడి ఆరి, అంచులు గోధుమరంగు తిరిగి పైకి లేవడానికి ముప్పావు నిమిషం నుంచి నిమిషం పడుతుంది. తిప్పాక రెండో వైపుకు అందులో సగం చాలు. ఎగరేయాలంటే ముందు పెనం కుదిపి అట్టు పూర్తిగా వదిలి జారుతోందో లేదో చూసుకోవాలి. తర్వాత పెనాన్ని ముందుకు కొద్దిగా వంచి, అట్టు అంచు దాకా జారాక మణికట్టుతో పైకీ వెనక్కీ ఒక్క విసురు. ఎత్తుగా ఎగరేయాలని భుజం వాడితే అది నేల మీదే పడుతుంది. ఒక జానెడు ఎత్తు సరిపోతుంది.

మీదకి పంచదార, నిమ్మరసం. దీనికి సాటివచ్చేది ఇంకేదీ లేదు. సన్న పలుకు పంచదార ముందు చల్లి, మీద నిమ్మకాయ పిండి, వెంటనే చుట్టి తినాలి. అప్పుడు సగం పంచదార కరిగి పాకమవుతుంది, సగం పళ్ల కింద పలుకుతుంది. నిమ్మరసం ముందే పోస్తే అట్టు పీల్చేసుకుని నానిపోతుంది. అందరికీ ఒకేసారి వడ్డించాలంటే ఒకదాని మీద ఒకటి పేర్చి, రేకు కప్పి, 100 డిగ్రీల ఒవెన్‌లో ఉంచుకోవచ్చు. మధ్యమధ్యలో నూనెకాగితం వేయకపోతే ఆవిరికి అతుక్కుంటాయి. అయితే పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కరికే వేసి ఇచ్చేదే అసలు పద్ధతి.

పెనం వీధిలోకి వచ్చింది బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ ఊళ్లో. 1445లో ఒక ఇల్లాలు పాన్‌కేకులు వేస్తూ గంట వినబడగానే పెనం చేతిలో ఉండగానే, నడుముకు వంటగుడ్డతో చర్చికి పరుగెత్తిందని కథ. కథే అనుకోవాలి, కానీ పరుగు పందెం నిజం. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆగిపోయిన ఆచారాన్ని 1948లో ఆ ఊరి వికార్, అంటే చర్చి గురువు, రోనాల్డ్ కాలిన్స్ మళ్లీ నిలబెట్టారు. మార్కెట్ చౌకు నుంచి చర్చి దాకా 415 గజాలు, అంటే దాదాపు 380 మీటర్లు. పరుగెత్తేది ఆ ఊళ్లో నివాసం ఉండే ఆడవాళ్లు. స్కర్టు, వంటగుడ్డ, తల మీద రుమాలు తప్పనిసరి. 11 గంటల 55 నిమిషాలకు మొదలు. పరుగుకు ముందు ఒకసారి, గీత దాటాక ఒకసారి పాన్‌కేక్ ఎగరేయాలి. గెలిచినామెకు చర్చి తరఫున శాంతి ముద్దు, తర్వాత అందరూ కలిసి ఆరాధనకు లోపలికి వెళతారు. గంట, పెనం, చర్చి మూడూ పాత వరసలో ఇంకా కలిసి ఉన్న చోటు ఇదే కాబట్టి నాకు ఈ పందెం అంటే మిక్కిలి గౌరవం. 1950 నుంచి అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లిబరల్ అనే ఊరు కూడా అదే రోజు అంతే దూరం పరుగెత్తి, సమయాలు పోల్చుకుంటోంది.

లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్‌లో వంటవాడు ఎత్తైన ఇనుప కడ్డీ మీదుగా పాన్‌కేక్ విసిరితే పిల్లలు కింద కలబడి చించుకుంటారు. ఎవరి చేతిలో పెద్ద ముక్క మిగిలితే వాళ్లదే గెలుపు. అది తినే పాన్‌కేక్ కాదు, ఇట్టే చిరగకుండా గుర్రపు వెంట్రుకలు కలిపి చేస్తారు. యార్క్‌షైర్ తీరాన స్కార్బరోలో మధ్యాహ్నం గంట కొట్టాక సముద్రపు ఒడ్డు రోడ్డు మీద పొడవాటి తాళ్లు పట్టి చిన్నా పెద్దా అందరూ గెంతుతారు.

అన్నిటికంటే పెద్దది డెర్బీషైర్‌లోని ఆష్‌బోర్న్ బంతాట. ఊరు మధ్యలో హెన్మోర్ అనే వాగు పారుతుంది. వాగుకు ఉత్తరాన పుట్టినవాళ్లు అప్పర్డ్స్, దక్షిణాన పుట్టినవాళ్లు డౌనర్డ్స్. జట్టుకు ఇంతమందని లేదు, వందల్లో ఉంటారు. రెండు గోల్స్ మధ్య దూరం మూడు మైళ్లు, మధ్యలో ఊరు, పొలాలు, వాగు అన్నీ ఆటస్థలమే. అప్పర్డ్స్‌ది వాగు ఎగువన స్టర్స్‌టన్, డౌనర్డ్స్‌ది దిగువన క్లిఫ్టన్. రెండుచోట్లా ఒకప్పుడు పిండిమరలు ఉండేవి. వాటి గుర్తుగా నిలబెట్టిన తిరగలి రాయికి నీళ్లలో నిలబడి మూడుసార్లు బంతి తగిలించాలి. ఇక్కడ తికమక ఏంటంటే ఎవరి గోల్ వాళ్లదే: బంతిని ఎదుటివాళ్ల వైపుకు కాదు, తమ వైపుకే తెచ్చుకోవాలి.

బంతి తోలుది, మామూలు ఫుట్‌బాల్ కంటే పెద్దది. లోపల గాలికి బదులు కార్క్ పొట్టు కూరతారు, వాగులో పడితే తేలాలి కదా. పైన చేత్తో బొమ్మలు వేస్తారు, ఆట అయ్యేసరికి బొమ్మలన్నీ చెరిగిపోతాయి. గోల్ కొట్టినవాడికే ఆ బంతి దక్కుతుంది. మళ్లీ రంగులు వేయించుకుని ఇంట్లో పెట్టుకుంటాడు. మధ్యాహ్నం రెండింటికి షా క్రాఫ్ట్ అనే కార్ల పార్కింగ్ స్థలంలో బంతి పైకి విసరగానే జనం ముద్దలా చుట్టేస్తారు. ఆ ముద్దను హగ్ అంటారు. చలిలో వాళ్ల ఒంటిమీంచి ఆవిరి లేస్తుంటుంది. బంతి ఎక్కడుందో బయటివాళ్లకు కనబడదు, హగ్ ఎటు కదిలితే అటే. నియమాలు కొన్నే: చంపకూడదు, బంతిని మోటారు బండిలో ఎక్కించకూడదు, సంచిలోనో చొక్కాలోనో దాచకూడదు, చర్చి ఆవరణలోకీ శ్మశానంలోకీ పోకూడదు. దుకాణాల అద్దాలకు ముందే చెక్కలు కొట్టేసి ఉంచుతారు. చూడ్డానికి వెళ్లేవాళ్లు గోడకూ హగ్‌కూ మధ్య నిలబడకూడదు, కారు ఊరి నడుమ ఆపకూడదు.

1835 నాటి రహదారుల చట్టం రోడ్ల మీద ఫుట్‌బాల్ ఆడడం నిషేధించాక ఇలాంటి ఆటలు చాలా ఊళ్లలో అంతరించాయి. ఆష్‌బోర్న్‌లో నిలిచింది. 1928లో యువరాజు, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్ అయినాయన, వచ్చి బంతి విసిరాక దానికి రాయల్ అన్న మాట చేరింది.

ఆట ఒక్కరోజు కాదు, రెండు రోజులు. రెండోది భస్మ బుధవారం. చర్చిలో కిందటేటి మట్టల ఆదివారం నాటి మట్టలను కాల్చిన బూడిదతో నుదుట సిలువ గుర్తు వేసే రోజు. మాంసం, గుడ్డు, ఆట అన్నీ ఆగిపోవాల్సిన రోజు. ఆ మధ్యాహ్నం రెండింటికి షా క్రాఫ్ట్‌లో మళ్లీ బంతి లేస్తుంది. గోల్ పడకపోతే రాత్రి పది దాకా వాగులో చన్నీళ్లలోనే నడుస్తుంది.